పెదవి వాపుకీ, అంగస్తంభన సమస్యకీ లింకు ఉందా? నా సమాధానం కొంచెం పొడుగే

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ముందు ఒకసారి చెప్తాను, ఎందుకంటే సమాధానం మొత్తం ఈ వివరాల మీదే ఆధారపడి ఉంది. వయసు 46. బీపీకి రెండేళ్ళుగా రామిప్రిల్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, దానికి తోడు ఏడాదిగా విల్డాగ్లిప్టిన్. ఏడెనిమిది నెలల నుంచి అప్పుడప్పుడు పై పెదవో, కనురెప్పో బాగా ఉబ్బుతోంది, దురద లేదు, దద్దుర్లు లేవు, రెండు మూడు రోజులుండి దానంతటదే దిగిపోతోంది. ఒకసారి కలయిక అయిన మర్నాడు పురుషాంగం ముందు చర్మం నీళ్ళు పట్టినట్టు ఉబ్బింది. వాపు వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో ఇచ్చిన హైడ్రాక్సిజిన్ అనే ఎలర్జీ మాత్ర, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటున్నారు. ఇప్పుడు నాలుగు నెలలుగా అంగం గట్టిపడటం సరిగా లేదు, గట్టిపడినా నిలవట్లేదు. మీ ప్రశ్న, ఈ వాపు రోగమే లోపల రక్తనాళాల్ని పాడు చేసిందా, రెండూ ఒకటే జబ్బా, అంగస్తంభనకి ఇచ్చే సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకుంటే వాపు ఇంకా పెరుగుతుందా అని.

నేను ఎలర్జీ, చర్మం కేసులు చాలా ఏళ్ళుగా చూస్తున్న డాక్టర్ని. ఈ రెండు కంప్లయింట్లూ ఒకే మనిషి చెప్పడం నాకు కొత్తేమీ కాదు, కాకపోతే మొదటిది అందరి ముందూ చెప్తారు, రెండోది వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి చెప్తారు. సూటిగా చెప్పాలంటే వాపు నేరుగా అంగస్తంభన సమస్యని తెచ్చిపెట్టదు, అది తగ్గగానే చర్మం కింద ఏ డ్యామేజీ మిగలదు. కానీ రెండిటి మధ్యలో ఒకటి ఉంటుంది, అది చాలాసార్లు మీ టాబ్లెట్ల డబ్బానే. వాపు తెప్పించిన మందు ఒకటి, వాపు తగ్గడానికి వాడిన మందు ఇంకోటి, అసలు ఆ మందులు ఎందుకు మొదలయ్యాయో ఆ బీపీ, షుగర్ మూడోది. జబ్బుల పేర్లు వెతికే ముందు ఆ డబ్బా టేబుల్ మీద బోర్లించి ఏది ఎప్పుడు మొదలైంది అని చూడాలి.

ముందు వాపు సంగతి. చర్మం లోపలి పొరల్లో చిన్న రక్తనాళాలు ఉన్నట్టుండి లీకై, రక్తంలోని నీరు బయటికొచ్చి కణజాలంలో చేరితే వచ్చే ఉబ్బుని ఆంజియోఎడీమా అంటాం. చర్మం వదులుగా ఉండే చోట, అంటే పెదవులు, కనురెప్పలు, నాలుక, గొంతు, చేతులు, పాదాలు, పురుషాంగం, వృషణాల సంచి, ఇలాంటి చోట్ల ఎక్కువ కనిపిస్తుంది. పేగు గోడలో వస్తే విపరీతమైన కడుపునొప్పి, వాంతులు, అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ దాకా వెళ్ళిన కేసులు కూడా ఉంటాయి. 1882లో క్వింకే అనే జర్మన్ డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు, అందుకే పాత పుస్తకాల్లో క్వింకే ఎడీమా అని ఉంటుంది.

ఇందులో రెండు దారులున్నాయి, ఈ తేడా తెలియకపోవడం వల్లే మీలాంటి వాళ్ళు నెలల తరబడి తప్పు మందు మింగుతుంటారు. ఒకటి హిస్టమిన్ దారి, ఎలర్జీలో బాడీ విడుదల చేసే పదార్థం అది. ఎలర్జీలో, దీర్ఘకాలం వేధించే దద్దుర్లలో వచ్చేది ఇదే, నిమిషాల్లోనో గంటల్లోనో ఉబ్బుతుంది, ఎక్కువగా దద్దుర్లూ దురదా తోడుంటాయి, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, యాంటీహిస్టమిన్‌కి, స్టెరాయిడ్‌కి లొంగుతుంది. రెండోది బ్రాడీకైనిన్ దారి, ఇదీ బాడీలోనే తయారై రక్తనాళాల్ని లీక్ చేసే ఇంకో పదార్థం. దద్దుర్లుండవు, దురద ఉండదు, మెల్లగా గంటల తరబడి పెరుగుతుంది, రెండు నుంచి ఐదు రోజుల వరకు ఉంటుంది, సెటిరిజిన్ వేసినా, స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచినా దానికేం పట్టదు, దాని టైమ్‌కి అదే దిగుతుంది. మీరు రాసిన వాపు నూటికి తొంభై పాళ్ళు ఈ రెండోదిలా ఉంది. టాబ్లెట్ వేసుకున్నాక తగ్గింది కదా అంటారేమో, మూడో రోజు ఎలాగూ తగ్గాల్సిందే తగ్గింది, క్రెడిట్ మాత్రం టాబ్లెట్‌కి పోయింది.

ఇప్పుడు రామిప్రిల్ దగ్గరికి వద్దాం. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్, పేరు చివర ప్రిల్ ఉన్నవన్నీ ఒకే కుటుంబం, ఏసీఈ అనే ఎంజైమ్‌ని ఆపుతాయి. (ఈ కుటుంబంలో మొదట వచ్చిన క్యాప్టోప్రిల్‌కి దారి చూపించింది బ్రెజిల్‌లో ఉండే ఒక పాము విషం, ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు గానీ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.) ఆ ఎంజైమ్‌కి బీపీ పెంచే పని ఒక్కటే కాదు, బ్రాడీకైనిన్‌ని విరగ్గొట్టే పని కూడా ఉంది. ఎంజైమ్ ఆగితే బ్రాడీకైనిన్ పేరుకుంటుంది. కొంతమందికి దానివల్ల పొడి దగ్గు, ఇంకా తక్కువ మందికి, అంటే వెయ్యిలో ఒకరి నుంచి ఏడుగురి వరకు, ఈ వాపు. ఆఫ్రికా మూలాలున్న వాళ్ళలో, పొగతాగే వాళ్ళలో రిస్క్ ఇంకా ఎక్కువ.

అందరూ పొరబడే చోటు ఒకటుంది. "రెండేళ్ళుగా వాడుతున్నా కదండీ, మందు పడకపోతే అప్పుడే తెలిసేది కదా" అని మీరే రాశారు. ఇది అలా పనిచెయ్యదు. మొదటి వారంలో రావచ్చు, నెలలకి రావచ్చు, ఏళ్ళు గడిచాక కూడా రావచ్చు. రోజూ వేసుకునే మందే అయినా వాపు మాత్రం ఎప్పుడో ఒకసారి వచ్చి పోతుంది, అందుకే దానిమీద అనుమానం రాదు, ఆ రోజు తిన్న తిండి మీదికి పోతుంది. ఇంకోటి, మీ విల్డాగ్లిప్టిన్. గ్లిప్టిన్ మందులు డీపీపీ4 అనే ఎంజైమ్‌ని ఆపుతాయి, అది కూడా రక్తనాళాల్ని లీక్ చేసే సబ్‌స్టెన్స్ పి లాంటి పదార్థాల్ని విరగ్గొట్టేదే. ఒక్క విల్డాగ్లిప్టిన్ వాడే వాళ్ళకి పెద్ద గొడవ లేదు గానీ ప్రిల్ మందుతో కలిపి వాడినప్పుడు వాపు రిస్క్ పెరుగుతుందని స్టడీల్లో కనిపించింది. మీ డేట్లు చూడండి, రామిప్రిల్ రెండేళ్ళు, విల్డాగ్లిప్టిన్ ఏడాది, వాపులు ఏడెనిమిది నెలలు. నేనైతే ఈ వరస చూశాక ఇంకెక్కడా వెతకను, ముందు రామిప్రిల్ ఆపిస్తాను.

కాబట్టి మొదటి పని, బీపీ మందు రాసిన డాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేసి "ఇది వాడుతుండగా పెదవి ఉబ్బుతోంది" అని ఈ ఒక్క వాక్యం చెప్పండి. వాపు వచ్చిన మనిషి ప్రిల్ మందు కొనసాగించకూడదు, డోస్ తగ్గించడం కాదు, అదే కుటుంబంలో ఇంకో బ్రాండ్‌కి మారడం కాదు, జీవితంలో మళ్ళీ ముట్టుకోకూడదు. అలాగని మీ అంతట మీరు మానేసి బీపీని గాలికొదిలేస్తే అది ఇంకో ప్రమాదం, బదులు మందు కావాలి. గుండె బలహీనతకి ఇచ్చే సాకుబిట్రిల్, వల్సార్టాన్ కలిపిన మందు మీకు ఎప్పటికీ పనికిరాదు, ఎవరైనా రాస్తే ఈ చరిత్ర చెప్పండి. ఆపాక కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు అప్పుడప్పుడు వాపు వస్తుండొచ్చు, అది చూసి "అయితే ఆ మందు కాదన్నమాట" అని మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళున్నారు, మీరు ఆ పని చెయ్యొద్దు.

బదులు మందు దగ్గరే మీ రెండో సమస్య అడ్డొస్తుంది, ఇది మీరు డాక్టర్‌కి చెప్పకపోతే వాళ్ళకి తెలిసే అవకాశం లేదు. ప్రిల్ మందులు అంగస్తంభనకి పెద్దగా చేటు చెయ్యవు. కానీ వాటి బదులు అటెనొలాల్ లాంటి పాత బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే బీపీ మందు) గానీ, మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ రకం మాత్ర గానీ ఇస్తే గట్టిదనం ఇంకా దెబ్బతినే అవకాశం ఉంది, స్పైరనొలాక్టోన్ అయితే మగ హార్మోన్‌కే అడ్డం పడుతుంది. బీటా బ్లాకర్‌తో ఇంకో తలనొప్పి ఏంటంటే నిజంగా ఎలర్జీ షాక్ వచ్చినప్పుడు అడ్రినలిన్ ఇంజెక్షన్‌ని సరిగా పనిచెయ్యనివ్వదు. బీటా బ్లాకర్ తప్పనిసరైతే నెబివొలాల్ నయం, అది రక్తనాళాల్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ని పెంచుతుంది. ఆమ్లొడిపిన్ లాంటివి అంగస్తంభన విషయంలో దాదాపు తటస్థం, అయితే ఆమ్లొడిపిన్‌తో కాళ్ళ చీలమండల దగ్గర వాపు రావచ్చు, అది వేరే రకం వాపు, దాన్ని చూసి మళ్ళీ ఆంజియోఎడీమా అని కంగారు పడొద్దు. సార్టాన్ మందులు, అంటే లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి, ప్రిల్‌తో వాపు వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి పడతాయి, కొద్దిమందికి మాత్రం మళ్ళీ రావచ్చు, అంగస్తంభన వైపు నుంచి చూస్తే మంచివే, ఇవ్వాలా వద్దా అన్నది మిమ్మల్ని చూసే డాక్టర్ చెప్పాలి.

వాపుకి వాడిన మందుల సంగతి. హైడ్రాక్సిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతకాలం యాంటీహిస్టమిన్లు మెదడులోకి దూరతాయి, మత్తుగా ఉంటుంది, ఎసిటైల్‌కోలిన్ అనే నరాల సంకేతాన్ని అడ్డుకుంటాయి. అంగం గట్టిపడటానికి నరాల వైపు నుంచి వచ్చే సంకేతంలో దానికీ పాత్ర ఉంది. రాత్రి హైడ్రాక్సిజిన్ వేసుకుని పడుకునే మనిషికి కోరిక తగ్గినా, గట్టిదనం తగ్గినా వింతేం లేదు. దద్దుర్ల కేసుల్లో కొందరు డాక్టర్లు అదనంగా కడుపు మంటకిచ్చే సిమెటిడిన్ కూడా కలిపేవాళ్ళు, అది మగ హార్మోన్‌కి ఎదురు పనిచేస్తుంది, రొమ్ములు పెరగడం, అంగస్తంభన తగ్గడం రెండూ దాని లిస్టులో ఉన్నాయి. ఇంకో మాట, హిస్టమిన్ కూడా అంగంలోని స్పంజీ కండరాన్ని వదులు చేసే పదార్థాల్లో ఒకటి, చిన్న చిన్న ప్రయోగాల్లో దాన్ని నేరుగా అంగంలోకి ఎక్కిస్తే గట్టిపడటం చూశారు, కాబట్టి హిస్టమిన్‌ని అడ్డుకునే మందుకి అక్కడ కాస్తంత ప్రభావం ఉండటం అర్థం లేని మాటేం కాదు. అయితే దీన్ని పట్టుకుని ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటి కొత్త మందుల్ని కూడా తిట్టిపోయకండి, అవి మెదడులోకి పెద్దగా వెళ్ళవు, నిజంగా దద్దుర్ల రోగం ఉన్నవాళ్ళు భయపడి మానేస్తే నిద్రలేక, గోక్కుంటూ ఉన్న మనిషికి పడకగది సంగతి ఇంకా పాడవుతుంది. దీర్ఘకాలం దద్దుర్లు ఉన్న మగవాళ్ళలో అంగస్తంభన సమస్య కొంచెం ఎక్కువగా ఉందని చెప్పిన స్టడీలు ఉన్నాయి, అందులో జబ్బు వాటా ఎంత, నిద్రలేమి, ఆందోళన, మందుల వాటా ఎంత అని విడదీయడం కష్టం.

ప్రెడ్నిసొలోన్ అయితే నాకు ఇంకా కోపం. ఒకటి రెండు సార్లు మూడు రోజులు వేసుకుంటే ఏం కాదు. కానీ నెలనెలా ప్రతి వాపుకీ కోర్సు కొట్టుకుంటూ పోతే షుగర్ ఎగురుతుంది, బరువు పెరుగుతుంది, నిద్ర, మూడ్ దెబ్బతింటాయి, ఎక్కువ డోసు ఎక్కువ కాలమైతే మెదడు నుంచి వృషణాలకి వెళ్ళే హార్మోన్ సిగ్నల్ తగ్గి టెస్టోస్టిరోన్ పడిపోతుంది. మీకు అసలే షుగర్. బ్రాడీకైనిన్ వాపుకి ఏమీ చెయ్యని మందు కోసం ఇంత మూల్యం ఎందుకు?

ఇంట్లో ఇంకెవరికైనా, అంటే తల్లిదండ్రులకో, అన్నదమ్ములకో, పిల్లలకో ఇలాంటి వాపులు, కారణం తెలియని కడుపునొప్పులు ఉన్నాయా అన్నది కూడా చెప్పండి. ఉంటే వంశపారంపర్య ఆంజియోఎడీమా అనేదొకటి ఆలోచించాలి, దాదాపు 50,000 మందిలో ఒకరికి ఉంటుంది, సీ1 ఇన్హిబిటర్ అనే ప్రొటీన్ తక్కువ కావడమో, ఉన్నా పనిచెయ్యకపోవడమో ఎక్కువ కేసుల్లో కారణం. సాధారణంగా చిన్నతనంలోనో, టీనేజ్‌లోనో బయటపడుతుంది, మీలా నలభై దాటాక మొదలైతే తక్కువ. నలభై దాటాక, ఏ మందూ లేకుండా మొదలైతే ఆ ప్రొటీన్‌ని బాడీయే తినేసే రకం ఒకటుంది, దాని వెనక ఒక్కోసారి లింఫోమా లాంటి రక్త సంబంధ జబ్బు దాగి ఉంటుంది, అందుకే ఆ టెస్ట్ వదలకూడదు. టెస్ట్ సింపుల్, రక్తంలో సీ4 అనే ఇంకో ప్రొటీన్ ఎంతుంది, సీ1 ఇన్హిబిటర్ ఎంతుంది, ఎలా పనిచేస్తోంది. మీకు ప్రిల్ మందు దొరికింది కాబట్టి అదే దొంగ అని నేననుకుంటున్నా, అయినా సీ4 ఒక్కసారి చూపించుకోవడంలో నష్టం లేదు, ఎందుకంటే లోపల ఈ లోపం ఉన్నవాళ్ళకి ప్రిల్ మందు తగిలితే ముసుగు తొలగి బయటపడుతుంది.

వంశపారంపర్య రకం ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి ఒక మాట, ఎందుకంటే వాపుకీ అంగస్తంభనకీ నిజంగా గట్టి లింకు ఉన్నది అక్కడే. 1970ల నుంచి వాపులు రాకుండా డెనజాల్ అనే మందు ఇస్తున్నారు, స్టానొజొలాల్ కూడా. ఇవి మగ హార్మోన్ తరహా మందులు, లివర్‌తో సీ1 ఇన్హిబిటర్ ఎక్కువ తయారు చేయిస్తాయి. మగ హార్మోన్ లాంటిదైతే ఇంకేం, మగతనం పెరుగుతుంది కదా అనుకుంటారు, జరిగేది రివర్స్. బయటి నుంచి వస్తోందని చూసి మెదడు సొంత సిగ్నల్ ఆపేస్తుంది, వృషణాలు పని తగ్గిస్తాయి, సొంత టెస్టోస్టిరోన్, వీర్యకణాలు తగ్గుతాయి, కొందరిలో కోరిక, గట్టిదనం తగ్గుతాయి. దానికి తోడు మంచి కొలెస్ట్రాల్ తగ్గించి చెడ్డది పెంచుతుంది, బీపీ పెంచుతుంది, ఏళ్ళ తరబడి వాడితే అంగానికి రక్తం తెచ్చే నాళాలకీ చేటే, లివర్‌లో గడ్డలు కూడా రావచ్చు. ఇప్పుడు లానడెలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు, బెరోట్రాల్‌స్టాట్ లాంటి మాత్రలు, సీ1 ఇన్హిబిటర్ మందు, వాపు వచ్చినప్పుడు వాడే ఐకటిబాంట్ ఉన్నాయి, ఇవి మగ హార్మోన్ జోలికి పోవు. డెనజాల్ వాడుతూ ఈ సమస్య ఉన్నవాళ్ళు సిగ్గుపడకుండా చెప్పి, డోస్ తగ్గించొచ్చా, మార్చొచ్చా అని అడగాలి, ఉన్నట్టుండి ఆపేస్తే గొంతు వాపు రావచ్చు కాబట్టి సొంతంగా మాత్రం ఆపకూడదు.

మీరు రాయలేదు గానీ జుట్టు రాలకుండా గానీ, ప్రోస్టేట్‌కి గానీ ఫినాస్టెరైడ్ వాడుతున్నారా? అంగస్తంభన తగ్గడం దాని తెలిసిన సైడ్ ఎఫెక్టే, పెదవులు, ముఖం ఉబ్బే ఎలర్జీ కూడా దాని హెచ్చరికల్లో ఉంది, అంటే ఒక్క మాత్ర రెండు కంప్లయింట్లూ తేవచ్చు. అప్పుడప్పుడు ఒళ్ళునొప్పులకి వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లొఫెనాక్, ఆస్పిరిన్ కూడా లెక్కలో రాయండి, వీటితో ముఖం ఉబ్బేవాళ్ళు చాలామందే ఉన్నారు, జనం వీటిని మందులుగానే లెక్కపెట్టరు.

ఇప్పుడు కలయిక తర్వాత అంగం ఉబ్బిన సంగతి. బ్రాడీకైనిన్ వాపు ఉన్నవాళ్ళకి రాపిడి, ఒత్తిడి పడ్డ చోట కొన్ని గంటల తర్వాత ఉబ్బడం సహజం, కలయిక తర్వాత జననాంగాలు ఉబ్బడం కూడా అందులోదే. చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ స్పంజీ భాగానికి ఏం కాదు, పైన చర్మమే. కండోమ్ వాడారా? లేటెక్స్ ఎలర్జీ అయితే నిమిషాల్లో దురదతో ఉబ్బుతుంది, టైమ్ పెంచుకోవడానికి కొట్టే తిమ్మిరి స్ప్రేలు కూడా చర్మానికి పడకపోవచ్చు. అలాగని అంగం ఉబ్బిన ప్రతిసారీ ఆంజియోఎడీమా అనుకుని ఊరుకోకూడదు. వెనక్కి జరిగిన ముందు చర్మం తిరిగి ముందుకి రాకుండా బిగుసుకుపోయి ఉబ్బితే అది అదే రోజు ఎమర్జెన్సీ. కలయికలో టప్‌మని శబ్దం వచ్చి వెంటనే మెత్తబడి కమిలిపోయి ఉబ్బితే అదీ ఎమర్జెన్సీ. షుగర్ ఉన్నవాళ్ళకి జ్వరం, ఎరుపు, విపరీతమైన నొప్పితో సంచి దగ్గర ఉబ్బితే గంటలు లెక్కపెట్టుకుని పరిగెత్తాల్సిన ఇన్ఫెక్షన్ అది.

ఆ ఒక్క వాపు మీ మనసులో ఏం చేసిందో కూడా ఆలోచించండి. మీరే రాశారు, ఆ తర్వాత నెల రోజులు దగ్గరికే వెళ్ళలేదని, వెళ్ళినప్పుడు "మళ్ళీ ఉబ్బుతుందేమో" అనే ధ్యాసే ఉందని. భయం పడితే బాడీలో అడ్రినలిన్ పెరుగుతుంది, అది అంగంలోని కండరాన్ని బిగించి రక్తాన్ని బయటికి నెడుతుంది, అంగాన్ని మామూలుగా మెత్తగా ఉంచేదే ఆ సిస్టమ్. ఒకసారి ఫెయిల్ అయితే రెండోసారి పరీక్ష రాసే కుర్రాడిలా చెమటలు పడతాయి, ఇంక అది తనని తానే పెంచుకుంటూ పోతుంది. దీనికి ఒక తేలిక గుర్తు చెప్తాను, తెల్లవారుజామున నిద్ర లేచేటప్పుడు గట్టిపడుతోందా? బాగానే గట్టిపడుతుంటే నరాలు, రక్తనాళాలు పనిచేస్తున్నాయి, భయం వాటా ఎక్కువ. అది కూడా తగ్గిపోయి ఉంటే లోపలి కారణం వెతకాలి.

ఆ లోపలి కారణమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది నిజానికి. వాపు గొడవలో పడి మీరు పక్కన పెట్టేసింది ఇదే. అంగం గట్టిపడాలంటే నరాల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవ్వాలి, అది సీజీఎంపీ అనే పదార్థాన్ని పెంచుతుంది, కండరం వదులవుతుంది, రక్తం నిండుతుంది, నిండిన ఒత్తిడికి బయటికి పోయే సిరలు నొక్కుకుపోయి రక్తం లోపలే ఆగుతుంది. (నైట్రిక్ ఆక్సైడ్ ఇలా సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌కి 1998లో నోబెల్ వచ్చింది, సిల్డెనాఫిల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది కూడా అదే ఏడాది.) బ్రాడీకైనిన్ కూడా రక్తనాళం లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయిస్తుంది, ఇంటర్నెట్‌లో రెండిటికీ లింకు అని తిరిగే మాటలకి మూలం ఇదే, పైపు ఒకటే అయినా గొడవలు వేరు. వాపులో నాళాలు అవసరానికి మించి తెరుచుకుని లీకవుతాయి, అంగస్తంభన సమస్యలో తెరుచుకోవాల్సినవి తెరుచుకోవు.

తెరుచుకోకపోవడానికి మీ వయసులో మొదటి కారణాలు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగ. అంగానికి వెళ్ళే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది, గుండె ధమని మూడు నాలుగు, కాబట్టి పూడిక ముందు సన్నదాన్లో తెలుస్తుంది. గుండె జబ్బు బయటపడటానికి రెండు మూడేళ్ళు, ఒక్కోసారి ఐదేళ్ళ ముందే అంగస్తంభన సమస్య మొదలవడం చాలామందిలో చూస్తాం. 46 ఏళ్ళ, షుగర్, బీపీ ఉన్న మనిషికి నాలుగు నెలలుగా ఈ సమస్య ఉంటే నేను ముందు గుండె వైపు చూస్తాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్లు (కొలెస్ట్రాల్), క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్), యూరిన్‌లో ప్రొటీన్, ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్. టెస్టోస్టిరోన్ పొద్దున 11 లోపలే ఇవ్వాలి, తక్కువొస్తే ఇంకో రోజు మళ్ళీ చూడాలి, మధ్యాహ్నం ఇచ్చిన రిపోర్ట్ పట్టుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టకండి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ టెస్ట్ మర్చిపోవద్దు, థైరాయిడ్ బాగా తగ్గితే ముఖం, కనురెప్పలు ఉబ్బినట్టుంటాయి, కోరిక, గట్టిదనం తగ్గుతాయి, రెండూ ఒకే జబ్బు నుంచి వచ్చే అరుదైన సందర్భాల్లో అదొకటి, కాకపోతే ఆ ఉబ్బు వచ్చి పోదు, అలాగే ఉంటుంది. కిడ్నీ నుంచి ప్రొటీన్ పోతున్నా పొద్దున్నే కళ్ళ చుట్టూ ఉబ్బుతుంది, షుగర్ ఉన్నవాళ్ళకి అది చూడాల్సిందే.

ఇక సిల్డెనాఫిల్. అది సీజీఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపుతుంది, అంతే, మీ బ్రాడీకైనిన్‌ని పెంచే పని దానికి లేదు. వేసుకున్నాక ముఖం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ, తలనొప్పి రావడం మామూలే, దాన్ని వాపు అనుకుని కంగారు పడొద్దు, ఎర్రబడిన ముఖం వేడిగా ఉంటుంది, ఉబ్బదు, కొన్ని గంటల్లో పోతుంది. పెదవి, నాలుక నిజంగా ఉబ్బితే అది ఈ మందుకే ఎలర్జీ కావచ్చు, ఇదే కుటుంబానికి చెందిన టడలాఫిల్ డబ్బాలో వచ్చే కరపత్రంలో ఆంజియోఎడీమా అరుదుగా వస్తుందని ఉంది కూడా. అందుకే నా సలహా, రామిప్రిల్ మార్పించుకుని, వాపులు సద్దుమణిగేదాకా ఆగి, గుండె చూపించుకున్నాక మొదలుపెట్టండి. ఇప్పుడే మొదలుపెట్టి రేపు పెదవి ఉబ్బితే ఏ మందు వల్లో ఎవరికీ తేలదు. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవాళ్ళు దీన్ని అస్సలు ముట్టుకోకూడదు, బీపీ ప్రాణం మీదికి పడిపోతుంది. ప్రోస్టేట్‌కి ఆల్ఫా బ్లాకర్ వాడుతున్నా ముందే చెప్పాలి. గట్టిదనం 4 గంటలు దాటి దిగకపోతే హాస్పిటల్‌కి వెళ్ళాలి. "సహజ మూలికలు" అని అమ్మే పవర్ క్యాప్సూల్స్ జోలికి మాత్రం పోవద్దు, వాటిలో చాలావాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్, టడలాఫిల్ కలుపుతారని మందుల నియంత్రణ సంస్థలు మళ్ళీ మళ్ళీ పట్టుకున్నాయి, ఎంత డోసో, ఇంకేం కలిసిందో తెలియదు, మీలా ఉబ్బే మనిషికి అది రెండింతల రిస్క్.

ఈలోపు నాలుక ఉబ్బినా, గొంతు పట్టేసినట్టున్నా, గొంతు మారినా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరి ఇబ్బందైనా ఇంట్లో హైడ్రాక్సిజిన్ వేసుకుని చూద్దాం అని కూర్చోకండి, అంబులెన్స్ పిలవండి, వెళ్ళగానే "నేను రామిప్రిల్ వాడుతున్నా" అన్నది మొదటి మాటగా చెప్పండి. ఆ రకం వాపుకి అడ్రినలిన్, స్టెరాయిడ్ సరిగా పనిచెయ్యవు కాబట్టి వాళ్ళు మందు పనిచేసేదాకా చూడకుండా గాలి దారి కాపాడే ఏర్పాటు ముందే చేసుకుంటారు. వాపు వచ్చిన ప్రతిసారీ ఫోటో తీసి, టైమ్, ఆ రోజు వేసుకున్న మందులన్నీ ఫోన్‌లో రాసి పెట్టండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి మీ పెదవి మామూలుగా ఉంటుంది, ఫోటో లేకపోతే వాళ్ళకి చూడటానికేం ఉండదు.

మీ ఆవిడకి ఇది అంటుకుంటుందా అని చివర్లో అడిగారు. అంటుకోదు. వాపు పూర్తిగా తగ్గాక కలవడానికి అడ్డేమీ లేదు, లూబ్రికెంట్ వాడితే రాపిడి తగ్గుతుంది, ఆవిడకి విషయం చెప్పేస్తే మీ భయంలో సగం అక్కడే పోతుంది. టెస్టులు వచ్చాక, బీపీ మందు దేనికి మార్చారో తెలిశాక ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.